పగిలిన ప్లేనర్‌ను మళ్ళీ నిలబెట్టడం

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడుకోబోయేది దెబ్బతిన్న పాత సర్ఫేస్ ప్లేనర్ గురించి. చిత్రిక పట్టే మెషిన్లలో ఇది చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. రెండు పోత ఇనుప బల్లలు, వాటి మధ్య తిరిగే, బ్లేడ్లు బిగించిన కట్టర్ బ్లాక్, పక్కన చెక్కను ఆనించే ఒక ఫెన్సు, కింద మోటారు. సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటిది చేతికి రాగానే చాలామంది ముందు పట్టుకునేది ఎమ్రీ కాగితం. తుప్పు కంటికి కనబడుతుంది కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. తుప్పు ఎప్పుడైనా వదిలించవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఈ మెషిన్ మీద ఖర్చు పెట్టవచ్చా లేదా అని. ఆ మాట చెప్పేది పగుళ్ళు.

పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందుకే అది వంగదు, సాగదు, నేరుగా పగులుతుంది. లారీ నుంచి దింపేటప్పుడు ఒక మూల నేలకు తగిలితే చాలు, దెబ్బ తగిలిన చోట ఏమీ కనబడకపోవచ్చు, దూరంగా ఉన్న బోల్టు రంధ్రం దగ్గర చీలిక వస్తుంది. అనుమానం ఉన్న చోట గ్రీజు, రంగు గీకేసి, కిరోసిన్ పూసి అరగంట వదిలేయండి. పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి పల్చగా రుద్దండి. కాసేపటికి ఆ తెల్లని పూత మీద వెంట్రుక మందాన ఒక తడి గీత తేలుతుంది. లోపలికి ఇంకిన కిరోసిన్ బయటికి ఊరుతోందన్నమాట. ఆ గీత రెండు కొసలు ఎక్కడ ఆగాయో వెంటనే గుర్తు పెట్టుకోండి. బల్లలు జారే వాలు పట్టాల అంచులు, బేరింగ్ హౌసింగ్ (బేరింగు కూర్చునే గూడు) చెవులు, ఫెన్సు బ్రాకెట్టు, పుల్లీ చువ్వలు, ఇవన్నీ ఇలాగే చూడాలి.

పగులు కట్టర్ బ్లాక్ మీద ఉంటే మాత్రం మరమ్మతు ఆలోచనే వద్దు. అది నిమిషానికి 4,000 నుంచి 6,000 సార్లు తిరిగే ముక్క. దానికి వెల్డింగ్ పెట్టకూడదు, బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) పెట్టకూడదు. బ్లేడు బిగించే స్క్రూల మరలు అరిగినా అంతే, మార్చాల్సిందే. అది దొరికే దారి లేకపోతే ఆ మెషిన్‌ను విడిభాగాల కోసం ఉంచుకోవడం మంచిది.

మిగతా చోట్ల పగిలితే దారి ఉంది. పగులు రెండు కొసల్లోనూ 3 మి.మీ. రంధ్రం వెయ్యాలి, లేకపోతే ఎంత బాగా అతికినా అది ముందుకు పాకుతూనే ఉంటుంది. కాళ్ళ దగ్గరో, అడుగు పెట్టె పక్కనో అయితే 6 మి.మీ. ఉక్కు పట్టీ లోపలి వైపు పెట్టి బోల్టులతో బిగించడమే నా సలహా. వేడి తగలదు కాబట్టి ఆకారం మారదు. చెవి విరిగి ముక్క చేతికొస్తే బ్రేజింగ్ బాగుంటుంది. వెల్డింగే చెయ్యాలంటే నికెల్ రాడ్ వాడాలి. మామూలు ఉక్కు రాడ్డు వేస్తే అతుకు అంచున ఇనుము గాజులా గట్టిపడి, డ్రిల్లు దిగదు, చల్లారేటప్పుడు అతుకు పక్కనే కొత్త పగులు వస్తుంది. నికెల్ రాడ్డుతోనైనా 25 మి.మీ. వేసి ఆపాలి, వేడిగా ఉండగానే గుండు సుత్తితో సన్నగా కొట్టాలి, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతి ముక్క వెయ్యాలి. చివర్లో పొడి బూడిదలోనో సున్నంలోనో కప్పి, తెల్లారే దాకా కదపకూడదు. నీళ్ళు పోశారంటే పని మొత్తం పోయినట్టే.

ఇక విప్పడం. ప్రతి దశకూ ఫొటో తీసి, బోల్టులను వాటి చోటు రాసిన సంచుల్లో వెయ్యండి. బిగుసుకుపోయిన బోల్టును మొదట కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి, తుప్పు పట్టు అక్కడ విడుతుంది. బల్లల కింద పాత షిమ్ ముక్కలు (ఎత్తు సరిచేయడానికి పెట్టే పల్చని రేకులు) కనబడితే పారేయకండి, ఏది ఎక్కడ ఉందో రాసుకోండి.

బేరింగులు ఎలాగూ మార్చేవే. వాటి మీద చెక్కిన నంబరు చూస్తే సరిపోతుంది. 6205 అంటే లోపలి వ్యాసం 25 మి.మీ., బయటిది 52, వెడల్పు 15. పొట్టు, రంపపుపొడి ఎగిరే చోట రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ రకమే తీసుకోండి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే గోళీలు అవి తిరిగే గాడిలో నొక్కులు పెడతాయి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి గురగురమంటుంది. కొత్త బేరింగు చేత్తోనే జారిపోతోందంటే షాఫ్టు అరిగింది. కొందరు పంచ్‌తో చుక్కలు కొట్టి సరిపెడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ఆ చుక్కలు కొద్ది రోజుల్లోనే అణిగిపోయి షాఫ్టు మళ్ళీ వదులవుతుంది. లేత్ పనివాళ్ళ చేత లోహం నింపించి, గ్రైండ్ చేయించండి.

ఇప్పుడు తుప్పు. బల్ల మీద మందంగా ఉంటే ముందు బ్లేడును పడుకోబెట్టి గీకి, ఆ తర్వాత కిరోసిన్‌తో తడిపిన 320 నంబరు కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి రుద్దండి. వేళ్ళతో రుద్దితే అంచులు గుండ్రమవుతాయి. చిన్న ఇనుప భాగాల తుప్పును కరెంటుతో వదిలించడానికి ప్లాస్టిక్ తొట్టిలో 4 లీటర్ల నీళ్ళకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు పెట్టవచ్చు. వస్తువుకు నెగెటివ్, పక్కన వేసే పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్. ఆ ముక్క స్టెయిన్‌లెస్ కాకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్ళలో కలుస్తుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అల్యూమినియం భాగాలు ఇందులో వెయ్యకూడదు, కరిగిపోతాయి. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. ఒక గంట ఆలస్యమైనా మళ్ళీ ఎర్రబారుతుంది.

ఈ మెషిన్ పనితనమంతా బల్లలు రెండూ ఒకే మట్టంలో ఉండడంలో ఉంది. చెక్క లోపలికి వెళ్ళే ముందు బల్ల ఇన్‌ఫీడ్, చిత్రిక పట్టాక బయటికి వచ్చే బల్ల అవుట్‌ఫీడ్. నిఖార్సయిన తిన్నని కొలబద్దను, అంటే స్ట్రెయిట్ ఎడ్జ్‌ను అవుట్‌ఫీడ్ బల్ల మీద ఆనించి ఇన్‌ఫీడ్ బల్ల మీదికి చాచండి, ఇన్‌ఫీడ్ బల్లను దానికి తగిలేదాకా పైకి తెండి. ముందు అంచున, వెనక అంచున, ఆ మూల నుంచి ఈ మూలకు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని ఉక్కు ఆకుల కట్ట) దూర్చి చూడండి. 0.1 మి.మీ. ఆకు ఎక్కడా దూరకపోతే చెక్కపనికి అది చాలు. బల్ల బయటి కొస కిందికి వాలినట్టు తేలితే వెంటనే షిమ్ కోసం వెతకొద్దు. ముందు జిబ్ స్క్రూలు (వాలు పట్టాలో బల్ల వదులు తీసేవి) బిగించి మళ్ళీ కొలవండి, చాలాసార్లు వాలు అక్కడే పోతుంది. అప్పటికీ ఉంటే వాలు పట్టా కింది కొస దగ్గర ఇత్తడి షిమ్ పెట్టాలి. ఒక్కోసారి అరపూట పడుతుంది. ఆ సమయాన్ని ఇక్కడ పెట్టండి, రంగు మీద కాదు.

బ్లేడ్ల ఎత్తు సరిచూడ్డానికి ఖరీదైన గేజ్ అక్కర్లేదు. మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఒక నున్నని తిన్నని పుల్లను అవుట్‌ఫీడ్ బల్ల మీద పెట్టి, కట్టర్ మీదికి చాచి, బల్ల అంచు దగ్గర పెన్సిల్ గీత గీయండి. కట్టర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే బ్లేడు ఆ పుల్లను కొంచెం ముందుకు మోసుకెళ్తుంది. ప్రతి బ్లేడూ, రెండు కొసల్లోనూ, 3 మి.మీ. చొప్పున ఒకేలా మోయాలి. అవుట్‌ఫీడ్ బల్ల బ్లేడ్ల కంటే కిందుంటే చెక్క చివర గుంట పడుతుంది. పైనుంటే చెక్క ముందు కొస బల్ల అంచుకు తగిలి ఆగుతుంది.

పాత స్విచ్ తీసేసి నో-వోల్ట్ రిలీజ్ స్విచ్ పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ తనంతట తాను తిరగకూడదు. మోటారు తీగచుట్టకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కనీసం 1 మెగోమ్ చూపాలి. ఎర్తింగ్ తప్పనిసరి. కట్టర్ మీది గార్డు పోయి ఉంటే అది చేయించే దాకా చెక్క పెట్టకండి.

మొదటిసారి నడిపేటప్పుడు కట్టర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, చెక్క లేకుండా పది నిమిషాలు తిప్పండి. ఆపి, ప్లగ్ తీసి, బేరింగ్ హౌసింగుల మీద చెయ్యి వెయ్యండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగు బిగువో, బెల్టు బిగువో ఎక్కువైంది. బెల్టు కొంచెం వదులు చేసి, మళ్ళీ పది నిమిషాలు తిప్పి చూడండి.