రసం ఊడిన అద్దం
(వేసవి చిత్రలేఖన శిబిరం ముగింపు రోజున ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారి ప్రసంగం)

హెడ్మాస్టరు గారికి, సర్పంచ్ గారికి, పేరు చెప్పకపోతే నొచ్చుకునే పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం. శాలువా చివర్లో కప్పండి బాబూ అని ముందే బతిమాలుకున్నాను. ఈ ఉక్కలో అది కప్పుకుని మాట్లాడితే నా ఫొటోకి దండ వెయ్యాల్సి వస్తుంది.

పిల్లలూ, మీ బొమ్మలు పొద్దున్నే వరండాలో చూశాను. గొప్ప చిత్రకారుల స్ఫూర్తితో ఎవరి బొమ్మ వాళ్ళే వేసుకోమన్నారట. ముప్పై రెండు బొమ్మల్లో పదకొండింటికి చెవికి కట్టు ఉంది! వాన్ గో అనే డచ్చి చిత్రకారుడు 1888 డిసెంబరులో కోసుకున్నది ఎడమ చెవి. తరవాతి నెలలో వేసిన బొమ్మలో చూస్తే కట్టు కుడి చెవికి కనబడుతుంది. అద్దంలో ఎటు కనిపిస్తే అటే వేశాడు మరి. మోడల్ దొరక్క, కావాలనే మంచి అద్దం కొనుక్కున్నానని తమ్ముడికి ఉత్తరం కూడా రాశాడాయన. మీ పదకొండు మందిలో అద్దం ముందు కూర్చున్నవాళ్ళెందరు? ఫోన్‌లో ఆయన బొమ్మ చూసి కట్టు దించేశారు. ఆ చెవి నొప్పి ఆయనది. మీకెక్కడ నొప్పి?

ఫ్రీడా కాలో అని మెక్సికో ఆవిడ. 1925లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, బస్సు ప్రమాదంలో వెన్ను విరిగి మంచాన పడింది. పడుకునే బొమ్మలు వేసుకునేలా వాళ్ళమ్మ ఏర్పాటు చేయించి, మంచం మీద కప్పుకి అద్దం పెట్టించింది. అదే 1925 ఫిబ్రవరిలో మన రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిలో పని చూసి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి పంపబట్టి గాని... దామెర్ల పేరొస్తే నేను దారి తప్పుతాను, క్షమించండి. రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. పెద్దవాళ్ళలో చూసినవాళ్ళు చేతులెత్తండి. ముగ్గురు. పుష్కరాలకి వెళ్ళినవాళ్ళో? సరే, దించండి.

ఇప్పుడు నా సంగతి. ఇది మా ఇంట్లో వెయ్యిసార్లు విన్నారు, మీరు ఒక్కసారి వినండి.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు గోదావరి దాన్ని ఎప్పుడో దాటేసింది. మాది లంక ఊరు. పడవెక్కి ఏటిగట్టు మీద తలదాచుకున్నాం. వరద తీశాక వెళ్తే ఇంట్లో మోకాల్లోతు ఒండ్రు. నా బొమ్మల పెట్టె ముద్దయిపోయింది. గోడకి మా అమ్మ పెళ్ళినాటి అద్దం మాత్రం మేకుకి అలాగే ఉంది. కింది సగం రసం ఊడిపోయింది. అందులో చూసుకుంటే నుదురుంది, కళ్ళున్నాయి, ముక్కు ఉంది. ముక్కు కింద వెనకాల చెక్క.

ఆ రాత్రి లాంతరు పెట్టుకుని, ఒక అట్టముక్క మీద ఆ ఒండ్రునే నీళ్ళలో కలిపి వేశాను. అద్దంలో ఎంత ఉందో అంతే. అమ్మ చూసి, "నోరేదిరా?" అంది. "అద్దంలో లేదమ్మా" అన్నాను. "అద్దంలోనే ఏమిటి, గట్టు మీంచి దిగిన దగ్గర్నుంచి నీకు నోరెక్కడుంది" అంది.

మరుసటేడు దాన్ని ఒక పోటీకి పంపాను. ఏ పోటీయో ఎవరు పెట్టారో ఇప్పుడొద్దు. తిరుగు టపాలో వచ్చింది. వెనక పెన్సిల్‌తో, "అసంపూర్ణం. పూర్తి చేసి పంపగలరు." అయ్యా, ఏం పూర్తి చెయ్యాలి? లేని నోరు ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించాలి? డచ్చి చిత్రకారుడే రెంబ్రాంట్, 1656లో దివాలా తీశాడు. 1669లో, తను చనిపోయిన ఏడాదే, అరవై మూడేళ్ళ మొహాన్ని వేసుకున్నాడు. ఉబ్బిన ముక్కు, సడలిన చెంపలు, ఏదీ దాచలేదు. ఆయన అదృష్టం, ఆ జడ్జి గారు తగల్లేదు. పూర్తి చేసి పంపగలరట! ముప్పై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాను, ఒక్క పిల్లాడి కాగితం మీద ఆ మాట రాయలేదు.

ఇంకోటి. రంగుల పెట్టెలో మీరు స్కిన్ కలర్ అనే గులాబీ రంగు. ఈ హాల్లో ఆ రంగు మనిషిని ఒక్కణ్ణి చూపించండి, నా శాలువా ఇచ్చేస్తాను. ముప్పై రెండిట్లో ఒక్కమ్మాయి మాత్రం, ఆరో క్లాసట, ఇటుకరంగులో చిటికెడు ఆకుపచ్చ కలిపి తన రంగు తను పట్టుకుంది. వేసిందీ అద్దంలో చూసి కాదు, ఇంట్లో స్టీలు బిందె కడుపులో చూసి. ముక్కు వంకాయంత, చెవులు ఎక్కడికో పారిపోయాయి, బిందె పట్టుకున్న చెయ్యి మొహం కన్నా పెద్దది. 1524లో ఇటలీలో పార్మిజానినో అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు ఉబ్బెత్తు అద్దంలో చూసి సరిగ్గా ఇలాగే పెద్ద చెయ్యి వేశాడు. ఈ పిల్లకి ఆయనెవరో తెలీదు. ఆ బొమ్మకి ప్రైజు ఇవ్వలేదని ఇందాకే విన్నాను. నేను జడ్జిని కాను కాబట్టి ఊరుకుంటున్నాను. ఊరుకోవడం లేదనుకోండి, మైకులో చెప్పేస్తున్నాగా.

హెడ్మాస్టరు గారూ, చీటీ చూశాను, అయిపోయింది. ఆ గోనెసంచీలో మా అమ్మ అద్దం ఉంది, తెచ్చాను. ప్రైజులు పావుగంట ఆలస్యమైనా పర్లేదు. ఎవరైనా దీన్ని ఆ కిటికీ పక్కన మేకుకి తగిలించండి. బిందె అమ్మాయీ, ముందు నువ్వు రామ్మా. పెన్సిలు తెచ్చుకో, రబ్బరు అక్కడే పెట్టేసిరా.