అమ్మానాన్నలతో షాడోస్ లూపు, లేక చీర పంచాయితీ

మాధవి: రికార్డవుతోందా? సరే. మా పాడ్‌కాస్ట్ వింటున్న అందరికీ నమస్తే. సమ్మర్ వచ్చేసింది, సియాటిల్ చుట్టుపక్కల సగం ఇళ్ళలో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగిపోయారు. అందుకని ఇవాళ వాళ్ళతో తేలిగ్గా నడవగలిగే దారి గురించి: మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కులో లాంగ్‌మైర్ అనే చోట ఉన్న ట్రెయిల్ ఆఫ్ ది షాడోస్. తిరిగి మొదలైన చోటికే వచ్చే చిన్న లూపు.

రఘు: పాత ఎపిసోడ్‌లోని ఇడ్లీ పాత్ర సంగతి మళ్ళీ ఎత్తనని మాటిచ్చారు వదినా.

మాధవి: నేనెత్తలేదు. నువ్వే ఎత్తావు. వివరాలు చెప్పు.

రఘు: పార్కులోకి వెళ్ళే నిస్క్వాలీ గేటు దాటాక 6 మైళ్ళు. నేషనల్ పార్క్ ఇన్ అనే హోటలు ఎదురుగా రోడ్డు దాటితే ట్రెయిలే. చుట్టు మొత్తం 0.7 మైలు, దాదాపు చదును. పెద్దవాళ్ళతో, పిల్లలతో అయితే గంట వేసుకోండి. పార్కు లోపల పెట్రోల్ బంకు లేదు, ట్యాంకు ముందే నింపుకోండి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, మ్యాపు ఇంట్లోనే దించుకోండి. ఇక ఫ్లాస్కు...

మాధవి: అప్పుడేనా!

రఘు: ఒక్క మాట. ఫ్లాస్కులో ముందు సలసల కాగే నీళ్ళు పోసి 5 నిమిషాలు మూత పెట్టి, పారబోసి, అప్పుడు టీ పొయ్యాలి. చల్లటి ఫ్లాస్కులో పోస్తే టీ వేడి కొంత గోడలే తాగేస్తాయి.

మాధవి: అయిందా? ఈ లూపులో తప్పు జరిగేది ఒక్కచోటే. మధ్యలో రాంపార్ట్ రిడ్జ్ దారి చీలుతుంది. అది 4.6 మైళ్ళు, 1,300 అడుగుల పైన ఎక్కుడు. కబుర్లలో పడి అటు తిరిగేస్తారు. గుర్తేమిటంటే, దారి మెలికలు తిరుగుతూ ఎక్కడం మొదలైందా, మీరు లూపులో లేరు. వెనక్కి తిరగండి.

రఘు: వేసుకునే బట్టల గురించి కూడా చెప్పేస్తే అయిపోతుంది. కాటన్ వద్దు. జీన్స్ వద్దు, కాటన్ చీర అసలే వద్దు. ఆంటీలకి ట్రాక్ ప్యాంటు కొనిపెట్టండి.

మాధవి: ఆగాగు. ఎవరికి కొనిపెట్టాలి?

రఘు: అమ్మలకి, అత్తగార్లకి.

మాధవి: అరవై ఐదేళ్ళావిడ, పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టనావిడ, నువ్వు ప్యాంటిస్తే ఏం చేస్తుంది తెలుసా? "మీరెళ్ళి రండమ్మా, నేను కార్లో కూర్చుంటా" అంటుంది. అదీ నీ సలహా ఫలితం.

రఘు: నేను చెప్పేది ఫ్యాషన్ కాదు వదినా, తడి. లాంగ్‌మైర్ 2,700 అడుగుల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులకి సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. అంటే సియాటిల్ కంటే 8, 10 డిగ్రీలు చల్లన. పైగా నీడ. కాటన్ తడిస్తే నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఒంటికి అంటుకుంటుంది, ఒంట్లో వేడి లాగేస్తుంది. మన ఊళ్ళో ఎండాకాలం అది సుఖం. ఇక్కడ అదే వణుకు.

మాధవి: కాటన్ వద్దన్నావు, ఒప్పుకున్నా. చీర వద్దన్నావు చూడు, అక్కడే తేడా. సింథటిక్ చీర కట్టుకోమను. దులిపితే సగం ఆరిపోతుంది. కింద లంగా కూడా కాటన్ కాకూడదు, ఇది అందరూ మర్చిపోతారు. పైన చీర ఆరినా లంగా తడిగానే ఉంటుంది. లంగా బదులు థర్మల్ లెగ్గింగ్ మీద కట్టొచ్చు, నడుముకి నాడా ఒకటి బిగిస్తే కుచ్చెళ్ళు నిలుస్తాయి.

రఘు: అంచు? దారిలో అక్కడక్కడ పరిచిన తడి చెక్కల మీద అంచు కాలికింద పడితే?

మాధవి: అందుకే చీలమండకి నాలుగు వేళ్ళు పైకి కట్టాలి. కుచ్చెళ్ళకి పిన్ను, పైటకి పిన్ను, కొంగు తిప్పి బొడ్లో దోపాలి. పొలంలో నాట్లేసే వాళ్ళకి ఎవరు నేర్పారు ఇవన్నీ?

రఘు: నాట్లేసే వాళ్ళు చెప్పుల్తో వెయ్యరు కదా!

మాధవి: (నవ్వు) అది ఒప్పుకుంటా. బొటనవేలి పట్టీ చెప్పులు వద్దే వద్దు. వాటిలో సాక్స్ వేస్తే జారతాయి, వెయ్యకపోతే కాళ్ళు గడ్డకడతాయి. కొత్త బూట్లైతే రెండు వారాలు ఇంట్లో తొడిగించి తిప్పండి. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

రఘు: సాక్స్ ఉన్నివి. ఉన్ని తడిసినా కొంత వేడి ఉంచుతుంది.

మాధవి: అంటే నాన్నగారి మంకీ క్యాపు?

రఘు: ...అవును. ఉన్నిదైతే మంకీ క్యాపు కరెక్టే.

మాధవి: వినండి, రికార్డయింది! ఇరవయ్యేళ్ళుగా మీరంతా నవ్విన మంకీ క్యాపు.

రఘు: సరే వదినా. ఫ్లాస్కులో పాల టీ పొయ్యొద్దు, అల్లం వేస్తే విరిగినా విరుగుతుంది, మూత రబ్బరుకి వాసన పడుతుంది. డికాక్షన్ వేరుగా, పాలపొడి వేరుగా...

మాధవి: రఘూ. నేనొకటి సీరియస్‌గా చెప్పాలి. పెద్దాడవాళ్ళు నీళ్ళు తాగరు. బాత్రూం దొరకదేమోనని పొద్దున లేచిన దగ్గర్నుంచి గుక్క కూడా మింగరు. రెండు గంటలు కార్లో కూర్చుంటారు, బీపీ మాత్ర వేసుకుంటారు, దిగీ దిగగానే కళ్ళు తిరుగుతాయి. మనమేమో ఎత్తు పడలేదంటాం. అది ఎత్తు కాదు. కాబట్టి బయల్దేరే ముందే, ఎక్కడెక్కడ ఆగుతామో పేరు పెట్టి చెప్పండి. లాంగ్‌మైర్‌లో బాత్రూములున్నాయి, ముందు అక్కడికి తీసుకెళ్ళి, ఆ తర్వాతే ట్రెయిల్.

రఘు: అవును. మగవాళ్ళు ఇంకోరకం. మోకాలు నొప్పని చెప్పరు, ఫోటో తీస్తున్నట్టు ఆగుతారు. మూడోసారి ఫోటోకి ఆగారంటే బెంచీ వెతకండి.

మాధవి: (నవ్వు) దారిలో చూసేవేమిటో చెప్పనేలేదు మనం.

రఘు: మధ్యలో పచ్చిక, దాన్లో ఊటలు. తుప్పు రంగు, బుడగలు. ఇనుము వల్ల ఆ రంగు, కార్బన్ డయాక్సైడ్ వల్ల బుడగలు. 1883లో జేమ్స్ లాంగ్‌మైర్ వీటిని చూసే ఇక్కడ పాగా వేశాడు, తర్వాత హోటలు కట్టాడు.

మాధవి: ఆ నీళ్ళు తాగకూడదు. పక్కన నిలబడండి, లేకపోతే తీర్థం అనుకుని అరచేతిలో పట్టేస్తారు.

రఘు: డెవిల్స్ క్లబ్ అని ఒక మొక్క. ఆకు అచ్చం ఆముదం ఆకులా వెడల్పు. చూడగానే చెయ్యి వేస్తారు. కాండం నిండా ముళ్ళు, ఆకు అడుగున ఈనెల మీద కూడా. గుచ్చుకుంటే విరిగి లోపలుండి చీము పట్టొచ్చు. పట్టకారు సంచిలో వేసుకోండి.

మాధవి: పులిహోర పక్షులకి పెట్టకండి. బూడిదరంగు జే పిట్ట చేతి మీద వాలుతుంది, ముచ్చటగానే ఉంటుంది, కానీ రూలు రూలే. అదే పార్కులో ఇంకా పైన ప్యారడైజ్ అనే చోట నిస్క్వాలీ విస్టా లూపు ఉంది, మైలు పైచిలుకు. 5,400 అడుగులు, జూలైలో కూడా మంచు ఉండొచ్చు, రేంజర్ని అడిగి వెళ్ళండి. దాని గురించి ఇంకా...

రఘు: అక్కడికైతే ఫ్లాస్కు నిండుగా ఉండాలి వదినా. సగం ఫ్లాస్కు తొందరగా చల్లారిపోతుంది, ఎందుకంటే లోపల గాలి...

మాధవి: ఆగు. అది ఎన్నో విజిలు?

రఘు: నాలుగు.

మాధవి: అయ్యో, పప్పు! ఆపెయ్ ఆపెయ్.