ఒక్క పీక్‌కి "ప్రాణం సంతకం" అని పేరెలా పెడతారండీ?

ఫ్రెండ్స్, రామన్ స్పెక్ట్రోస్కోపీ అంటే పదార్థం మీద లేజర్ వేసి, రంగు మారి వచ్చే వెలుతురుని స్పెక్ట్రమ్ అనే గీతగా గీయడం, ఆ గీతలో లేచే ఒక్కో శిఖరం ఒక పీక్, అది ఎక్కడ లేచిందో చెప్పే నంబర్ (సెం.మీ⁻¹లో) బట్టి ఏ పదార్థమో పోల్చుకుంటారు. అందులో 1602 పీక్ గొడవ ఒకటుంది. అదే, టోక్యో యూనివర్సిటీలో హమగుచి గారి టీమ్ బతికున్న ఈస్ట్ కణం మీద లేజర్ వేస్తే మైటోకాండ్రియా దగ్గర 1602లో ఒక పీక్ లేచింది, సైనైడ్ వేస్తే అది పడిపోయింది, దాంతో దాన్ని "రామన్ సిగ్నేచర్ ఆఫ్ లైఫ్" అనేశారు. పదిసార్లైనా ఇదే చెప్తా, ఒక్క పీక్ చూసి ప్రాణం గురించి చెప్పలేం!

2012లో ఆ టీమే మళ్లీ తవ్వితే అందులో పెద్ద వాటా ఎర్గోస్టెరాల్‌దని తేలింది, అంటే మన కణాల పొరల్లో కొలెస్ట్రాల్ చేసే పని ఈస్ట్‌లో చేసే పదార్థం. తాము పెట్టిన పేరుని తామే పరీక్షకి పెట్టుకున్నారే, దానికి మాత్రం దణ్ణం పెడతా.

అసలు కణంలో ప్రొటీన్లు, కొవ్వులు, డీఎన్‌ఏ అన్నీ ఒకే గీతలో కలిసిపోతాయండీ. 1004 దగ్గర ప్రొటీన్లలో ఉండే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ముల్లులా విడిగా నిలబడుతుంది, సరే, 1450కి రండి, అక్కడ ప్రొటీన్లూ కొవ్వులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, కళ్లతో ఏం విడదీస్తాం? మా అమ్మమ్మ పులుసు నాలిక మీద వేసుకుని చింతపండు ఎంత, బెల్లం ఎంత, ఇంగువ పడిందా లేదా చెప్పేసేది, మల్టీవేరియేట్ అనాలిసిస్ చేసేది అచ్చం అదే, వందల స్పెక్ట్రాలు ఒకేసారి పెట్టి ఏ పీకులు కలిసి పెరుగుతున్నాయో, ఏవి కలిసి తగ్గుతున్నాయో పట్టుకుంటుంది. ఒక్క పీక్ వద్దు, మొత్తం గీత కావాలి!

అన్నట్టు ఈ పద్ధతికి పేరిచ్చిన సి.వి. రామన్ గారు చిన్నప్పుడు చదివింది మన విశాఖలోనే, వాళ్ల నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1928లో కలకత్తాలో ఆయన పట్టుకున్న ఆ వెలుతురు ఎంత పలచనంటే సుమారు కోటి ఫోటాన్లకి ఒక్కటి రంగు మారి వస్తుంది. మామూలు గాజు స్లైడ్ వాడారా, 785 నానోమీటర్ల లేజర్‌కి ఆ గాజే వెలిగి కణాన్ని మింగేస్తుంది, అందుకే క్వార్ట్జో కాల్షియం ఫ్లోరైడో వాడాలి.

ఇంత సున్నితమైన పని కదా, సోమవారం మంచి కణాలు, మంగళవారం కేన్సర్ కణాలు కొలిచేసి పీసీఏ ప్లాట్‌లో (మల్టీవేరియేట్ అనాలిసిస్‌లో ఒక రకం, ఒక్కో స్పెక్ట్రమ్‌ని ఒక చుక్కగా చూపిస్తుంది) రెండు గుంపులు విడిపోయాయి చూడండి అంటే నాకు ఒళ్లు మండిపోతుంది, విడిపోయింది సోమవారం, మంగళవారం కావచ్చు కదా! కొత్త రోజు, కొత్త డిష్, మోడల్ ఎప్పుడూ చూడని కణాలు, వాటి మీద గెలిపించండి, అప్పుడు నమ్ముతా.

మీ దగ్గర పీసీఏ ప్లాట్ ఉంటే ఇవాళే చుక్కలకి రోజుల వారీగా రంగులేసి చూడండి, గుంపులు దేని ప్రకారం పడ్డాయో కామెంట్‌లో పెట్టండి, ప్రతిదీ చదువుతా.