మనం ‘నాజూకు’ అని మురిసిపోతున్నది అందం కాదు, నీరసం!

పెళ్లి సంబంధం చెప్పడానికి వచ్చినవాళ్లు అమ్మాయి గురించి ముందు ఏం చెప్తారు? "సన్నగా, తెల్లగా, నాజూగ్గా ఉంటుందండీ." అవునా కాదా? ఇవాళ ఆ మూడో మాట సంగతి తేల్చేద్దాం. సూటిగా చెప్తున్నా, వినండి. మనం నాజూకు అని మురిసిపోతున్నది అందం కాదు. నీరసం. ఒంట్లో రక్తం లేకపోవడం. దానికే ముద్దుపేరు పెట్టుకుని తరతరాలుగా మెచ్చుకుంటున్నాం.

నమస్తే అక్కలూ, చెల్లెళ్లూ, అమ్మలూ. అన్నదమ్ములు కూడా ఉండండి, మీరు వినాల్సిన మాటలూ ఉన్నాయి.

ఇలోనా మాహర్ గొడవ మీకు తెలిసే ఉంటుంది. అమెరికా రగ్బీ ప్లేయర్. 2024లో, పారిస్ ఒలింపిక్స్‌కి ముందు, ఒకడు ఆమె వీడియో కింద "నీ బీఎంఐ 30 ఉంటుంది" అని రాశాడు. లావుగా ఉన్నావని ఎత్తిపొడవడం అన్నమాట. ఆమె ఏమీ దాచుకోలేదు. అవును, అంతే ఉంది, నా బరువు దాదాపు 90 కిలోలు, అందులో ఎక్కువ భాగం కండే, నేను ఒలింపిక్స్‌కి వెళ్తున్నాను, నువ్వు వెళ్లట్లేదు అని జవాబిచ్చింది. వెళ్లింది, టీమ్‌తో కలిసి కాంస్యం గెలిచింది. అసలు బీఎంఐ అంటే బరువుని ఎత్తుతో లెక్కగట్టడమే. ఆ లెక్కకి కండ ఏదో, కొవ్వు ఏదో తెలియదు. ఇది తెలియకుండానే అమ్మాయిల ఒళ్లు కొలిచేస్తున్నారు.

సరే, అమెరికా సంగతి వదిలేయండి. మన శ్రీకాకుళానికి రండి.

ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి. చిన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానని వెళ్తే, బక్కగా ఉన్నావు, నీ వల్ల కాదు అన్నారట. ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పారు. అదే మల్లీశ్వరి 1994లో, 1995లో 54 కిలోల ఒంటి బరువు విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. తర్వాత పెద్ద విభాగానికి మారి, 2000లో సిడ్నీకి వెళ్లే ముందు మన పత్రికల్లో ఏం రాశారు? లావైపోయింది, ఇక పనైపోయింది అని! మొదట బక్కగా ఉందని, తర్వాత లావైందని. మరి ఎలా ఉండాలి ఆవిడ? ఒక ఆడమనిషి ఒళ్లు ఈ దేశంలో ఏ రోజున సరిగ్గా ఉంటుంది? నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ. 69 కిలోల విభాగం. స్నాచ్‌లో, అంటే నేల నుంచి ఒకే ఊపులో తల పైకెత్తే పద్ధతిలో, 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తే పద్ధతిలో, 130. మొత్తం 240. స్వర్ణం కోసం ఆఖర్న 137.5 కిలోలకి వెళ్లారు, అది తప్పింది. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారత మహిళ. ఆ ఒలింపిక్స్ మొత్తానికి ఇండియాకి వచ్చిన పతకం అదొక్కటే. అసలు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది!

130 కిలోలంటే ఎంతో ఇంట్లో చూసుకుందాం. వంటింట్లో నిండు గ్యాస్ సిలిండర్ ఉంది కదా? లోపల గ్యాస్ 14.2 కిలోలు, బండతో కలిపి సుమారు 30. గ్యాస్ అయిపోయిన రోజు ఏం చేస్తాం? "ఏమండీ, కాస్త ఇది జరపండి" అని పిలుస్తాం. ఆయన లేకపోతే పక్కింటబ్బాయి వచ్చేదాకా కూర్చుంటాం. అలాంటి నిండు బండలు నాలుగు కలిపినా 130 కాదు. దాన్ని నేల మీద నుంచి భుజాల మీదకి లాగి, అక్కణ్నుంచి తల పైకెత్తి నిలబెట్టింది మన తెలుగు ఆడబిడ్డ. ఆ ఫొటోలో ఆ మెడ నరాలు, ఆ భుజాలు, ఆ తొడలు చూడండి. నా దృష్టిలో అది అందం. రాజీ లేదు.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను బరువులెత్తడం మొదలుపెట్టిన ఎనిమిది నెలలకి జాకెట్లు భుజం దగ్గర పట్టేయడం మొదలైంది. నడుం మాత్రం వదులే. టైలర్ దగ్గరికి తీసుకెళ్లి, చేతుల కుట్టు విప్పండి అన్నాను. ఆయన టేపు పెట్టి కొలిచి, నా మొహం చూసి, "జిమ్ మానేయమ్మా, చేతులు మగాళ్ల చేతుల్లా అయిపోతున్నాయి" అన్నారు. మంచి మనిషే, నా చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ ఆలోచించండి. ప్రతి జాకెట్‌లోనూ లోపల రెండించులు బట్ట మడిచి వదులుతారు కదా, ఎందుకు? పెళ్లయ్యాక ఒళ్లు చేస్తే, పిల్లలు పుట్టాక లావైతే విప్పుకోవడానికి. ఆ మడతలు విప్పమంటే ఏ టైలరూ మాట్లాడడు. భుజానికి బలం వచ్చింది, విప్పండి అంటే మాత్రం మానేయమంటాడు!

మగాళ్లలా అయిపోతారనే భయం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కండ భారీగా పెంచే హార్మోన్ టెస్టోస్టిరాన్. ఆడవాళ్ల ఒంట్లో అది మగవాళ్లతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. వారానికి మూడు రోజులు డంబెల్స్ పట్టుకుంటే ఎవరూ పహిల్వాన్ అయిపోరు. ఆ టెన్షన్ వదిలేయండి. పైగా నెలసరి ఆగిపోయాక ఎముక గుల్లబారకుండా కాపాడేవాటిలో ఈ బరువుల ట్రైనింగ్ ఒకటి. అంతే, ఆ భయం సంగతి ఇంతకంటే మాట్లాడను.

ఇప్పుడు అసలు విషయం, రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తెలంగాణలో 57.6. మళ్లీ చెప్తున్నా. సగానికి పైగా! ఈ వీడియోని ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి చూస్తుంటే, ఒకరికి రక్తం తక్కువుండే అవకాశమే ఎక్కువ. రక్తం తక్కువైతే ఏమవుతుంది? మొహం పాలిపోతుంది. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. కళ్లు తిరుగుతాయి, మాట మెల్లగా వస్తుంది. ఇప్పుడు దీన్ని పెళ్లి సంబంధం భాషలోకి మార్చండి. తెల్లగా ఉంటుంది. నెమ్మదస్తురాలు. సుకుమారం. గట్టిగా మాట్లాడదు. విన్నారా? డాక్టర్ రోగం అనేదాన్ని మనం గుణం అంటున్నాం!

ఇది నా థియరీ. ఎవరైనా కాదంటే రండి, వాదిద్దాం. మా నాయనమ్మ తరంలో రోలు ముందు కూర్చుని రుబ్బిన చేతులు, రోకలి ఎత్తి దంచిన భుజాలు ఎవరికీ వికారంగా కనిపించలేదు. బావి నుంచి నిండు బిందె చంకనెత్తుకుని వచ్చే మనిషి నడకని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇప్పటికీ పొలంలో నాట్లేసే అక్కల పిక్కలు చూడండి. బలం మన ఆడవాళ్లకి కొత్త కాదు. కూలి పనిలో బలం కావాలి, ఫొటోలో మాత్రం వద్దు. అక్కడుంది మోసం.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్ దాటేటప్పుడు ఒక్కసారి స్లోమోషన్‌లో చూడండి. వంద మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు పరిగెత్తిన తొలి భారత మహిళ. ఆ తొడ కండ లేకపోతే ఆ పరుగు లేదు.

ఇంకొకరి పేరు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడ. పుట్టుకతోనే మేధోపరమైన లోపం. చిన్నప్పుడు మొహం చూసి ఊళ్లో వెక్కిరించేవాళ్లని అమ్మానాన్నలే చెప్పారు. 2024లో జపాన్‌లోని కోబెలో, పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో, 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. మెడలో పతకంతో నవ్వుతున్న ఆ అమ్మాయి మొహం మీ ఇంట్లో ఆడపిల్లలకి చూపించండి, అబ్బాయిలకి ఇంకా ముందు చూపించండి.

టైలర్ కథ మిగిలిపోయింది కదా. రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ కూడా వచ్చింది. అమ్మకి యాభై ఎనిమిది. ఆర్నెల్లుగా నాతో పాటు రోజూ పొద్దున గుంజీళ్లు తీస్తోంది, ఈ మధ్య ఐదు కిలోల పిండి ప్యాకెట్ గుండెలకి హత్తుకుని మరీ తీస్తోంది. ఆయన టేపు పట్టుకుని మళ్లీ ఏదో అనబోయారు. అమ్మ తన జాకెట్ కూడా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, "నాది కూడా భుజం దగ్గర విప్పు బాబూ" అంది.