నంబరు వెంట వచ్చింది, చిరునామా రాలేదు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ భాగాన్ని టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో, మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని రికార్డు చేస్తున్నాము. ఈరోజు నాతో మాట్లాడుతున్నది మా బాబాయి. ఉద్యోగకాలమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో గడిపి పదవీ విరమణ చేసిన ఆయన, ఏటా కొన్ని నెలలు ఇక్కడ మా తమ్ముడి దగ్గర, మిగతా కాలం హైదరాబాదులో ఉంటారు. మా తమ్ముడు కిందటేడు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకు మారాడు. వాళ్ల ఇంటి ఇంటర్నెట్ ఫోను కూడా సామానుతో పాటు ఒక అట్టపెట్టెలో వచ్చింది. బాబాయ్, ముందుగా ఇది చెప్పండి. చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ రోజుల్లో ఇంటికి వేరే ఫోను ఎందుకు?

బాబాయి: పగలు ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమేనమ్మా. మీ పిన్ని సెల్‌ఫోను ఎక్కడ పెట్టిందో వెతకడానికి నా ఫోను నుంచి దానికి రింగ్ ఇవ్వాలి, నా ఫోను ఛార్జింగులో ఉంటుంది. గోడ పక్కన ఎప్పుడూ ఒకే చోట ఉండే ఫోను పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ ఒక ధైర్యం. ఇంకో సంగతి ఏమిటంటే, ఎడిసన్ ప్రాంతపు కోడు 732తో మొదలయ్యే ఆ ఇంటి నంబరు మా బంధువులందరికీ నోటికి వచ్చు. ఒకప్పుడు ఇక్కడివాళ్లు ఊళ్లకు మాట్లాడాలంటే కాలింగ్ కార్డు కొని, వెనక గీకి, బోలెడన్ని అంకెలు నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకునేవారు. 2009లో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోను సంస్థ నెలకు ఇంత అని కట్టించుకుని భారతదేశంతో సహా అరవైకి పైగా దేశాలకు పరిమితి లేకుండా మాట్లాడుకునే పథకం పెట్టాక, మన తెలుగువాళ్ల ఇళ్లలో చాలామంది ఈ డబ్బాలు పెట్టుకున్నారు. వాట్సాప్ వచ్చాక వాటి అవసరం బాగా తగ్గిన మాట నిజమే కాని, స్మార్ట్‌ఫోను వాడని మా అక్కయ్య లాంటివారికి ఇప్పటికీ మామూలు ఫోనుకే చేయాలి కదా.

వ్యాఖ్యాత: డబ్బా అన్నారు కనుక, దాన్ని ఒక ఇంటి నుంచి పీకి రెండువేల కిలోమీటర్ల అవతల తగిలిస్తే అదే నంబరు ఎలా మోగుతుందో శ్రోతలకు అర్థమయ్యేలా చెప్పండి.

బాబాయి: మా కాలంలో నంబరు అంటే ఒక తీగ. ఎక్స్ఛేంజీలో మెయిన్ ఫ్రేము, అంటే ఊరి తీగలన్నీ వచ్చి చేరే చట్రం మీద నీ జత తీగలు ఎక్కడ కట్టి ఉంటే అదే నీ నంబరు. ఇల్లు మారితే షిఫ్టింగుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త ఇల్లు వేరే ఎక్స్ఛేంజీ కిందికి వస్తే నంబరే మారిపోయేది. పెళ్లి శుభలేఖల మీద పాత నంబరు కొట్టేసి, కొత్తది చేత్తో రాసుకున్నవారిని నేను చూశాను. ఇంటర్నెట్ ఫోనులో నంబరు తీగకు కాక నీ ఖాతాకు అతుక్కుని ఉంటుంది. ఆ డబ్బాను అడాప్టర్ అంటారు. దాన్ని రౌటరుకు తగిలించగానే అది కంపెనీ సర్వరును పలకరించి, ఫలానా ఖాతా ఫోను నేనే, ప్రస్తుతం ఈ ఇంటర్నెట్ చిరునామాలో ఉన్నాను అని నమోదు చేసుకుంటుంది. ఆ నమోదుకు గడువు ఉంటుంది కనుక కొంతసేపటికొకసారి మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంటుంది. నీ నంబరుకు ఎవరైనా చేస్తే సర్వరు ఆ చివరి నమోదు చూసి అక్కడికి పంపుతుంది. దానికి ఎడిసన్ అయినా ఫ్రిస్కో అయినా, హైదరాబాదులో మా కూకట్‌పల్లి ఇల్లయినా ఒకటే.

వ్యాఖ్యాత: అదే పని మామూలు ల్యాండ్‌లైనుతో చేయగలమా? అంటే, 732 నంబరును ఇక్కడి కేబుల్ కంపెనీ ఫోనుకు మార్పించుకోవచ్చా?

బాబాయి: సాధారణంగా కుదరదు. తీగల ఫోను నంబరును పోర్టు చేయడం, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారడం, అనేది ఆ పరిసర ప్రాంతంలోని కంపెనీల మధ్యే జరుగుతుంది కనుక, ఎడిసన్ నంబరును ఫ్రిస్కోలోని స్థానిక కంపెనీ తీసుకోలేదు. ఊరితో ముడిపడని ఇంటర్నెట్ ఫోను కంపెనీలు తీసుకోగలవు. అందుకే రాష్ట్రం మారేవారికి ఇది సౌకర్యం. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కంపెనీ మార్చాలనుకుంటే, కొత్త కంపెనీకి నంబరు వచ్చేసిందని నిర్ధారణ అయ్యేదాకా పాత ఖాతాను రద్దు చేయకూడదు. ముందే రద్దు చేస్తే నంబరు గాలిలో కలిసిపోతుంది, తిరిగి దక్కుతుందన్న నమ్మకం లేదు.

వ్యాఖ్యాత: ఇల్లు మారిన రోజున మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను కాని నాకు గుర్తున్నది అట్టపెట్టెలూ పులిహోరా మాత్రమే.

బాబాయి: ఇంటర్నెట్ వాడు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఫోను లేదు, అయినా మాకు వచ్చే ఫోను ఒక్కటి కూడా పోలేదు, ఎందుకంటే బయలుదేరే ముందే మీ తమ్ముడి చేత ఒక పని చేయించాను. ఈ సేవల్లో చాలావాటికి వెబ్‌సైటులో ఒక అమరిక ఉంటుంది. అడాప్టర్ సర్వరుకు కనబడకపోతే కాల్స్‌ను ఫలానా సెల్‌ఫోనుకు మళ్లించమని చెప్పి ఉంచవచ్చు. ఐదో రోజు ఇంటర్నెట్ వచ్చింది, డబ్బా తగిలించాము, డయల్ టోను వచ్చింది. మా అక్కయ్యకు ఫోను చేస్తే నా మాట ఆమెకు వినిపిస్తోంది, ఆమె మాట నాకు వినిపించడం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఆ చివర హలో హలో అని అరుస్తోందన్నమాట, నేను ఇక్కడ మౌనం వింటున్నాను.

వ్యాఖ్యాత: అటువైపు మాట మాత్రమే రాకపోవడం ఎందుకు జరుగుతుంది?

బాబాయి: కాల్ కలపడానికి చేసే సంప్రదింపులు ఒక దారిన, అసలు గొంతు ఇంకో దారిన ప్రయాణిస్తాయి. ఇంట్లోని పరికరాలన్నిటికీ బయటి ప్రపంచానికి కనబడే చిరునామా ఒక్కటే ఉంటుంది కనుక, లోపలికి వచ్చే గొంతు ఏ పరికరానికి చెందినదో రౌటరు తేల్చుకోవాలి. మా కొత్త ఇంట్లో కంపెనీ ఇచ్చిన మోడెములోనే ఒక రౌటరు ఉంది, దాని వెనక మావాడి సొంత రౌటరు ఉంది, దాని వెనక ఈ డబ్బా ఉంది. రెండు గుమ్మాలు దాటేసరికి అక్కయ్య గొంతు దారి తప్పింది. డబ్బాను నేరుగా మొదటి రౌటరుకు తగిలించాము. రౌటరులో సిప్ ఏఎల్‌జీ అనే అమరిక ఒకటి ఉంటుంది; ఇంటర్నెట్ ఫోనుకు సహాయం చేయడానికని పెట్టిన ఆ అమరికే తరచుగా ఇలా అడ్డం పడుతుంది, దాన్ని కూడా ఆపించాము. అక్కయ్య గొంతు వచ్చింది. వచ్చీ రాగానే తిట్టింది.

వ్యాఖ్యాత: కొత్త ఇంట్లో ఎంత వేగం ఇంటర్నెట్ ఉండాలని చాలామంది అడుగుతారు.

బాబాయి: వేగం పెద్ద విషయం కాదు. మామూలు ఫోను నాణ్యతతో మాట్లాడే కాల్‌కు గొంతు సెకనుకు 64 కిలోబిట్లు, దాని మీద ప్యాకెట్ల, అంటే గొంతును ముక్కలు చేసి పంపే పొట్లాల తొడుగులు కలిపి ఒక్కోవైపుకు సెకనుకు సుమారు 90 కిలోబిట్లు చాలు. ఇబ్బంది ఆలస్యంతోనూ, ప్యాకెట్లు ఒకటి ముందూ ఒకటి వెనకా రావడంతోనూ వస్తుంది. మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే హాయిగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. ఆ పైన పోయేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటారు.

వ్యాఖ్యాత: ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఆపదలో పోలీసులకూ అంబులెన్సుకూ ఇక్కడ చేసే నంబరు, 911 సంగతి.

బాబాయి: ఈ మాట చెప్పడానికే నేను వచ్చాను. 2005 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలో, హ్యూస్టన్‌లో దోపిడీదారులు ఒక ఇంట్లో చొరబడి దంపతుల మీద కాల్పులు జరిపితే, మేడ మీద ఉన్న వారి కూతురు ఇంటర్నెట్ ఫోను నుంచి 911కు చేసింది. ఈ ఫోను నుంచి 911 అందుబాటులో లేదనే రికార్డు చేసిన మాటలు ఆమెకు వినిపించాయి. తల్లిదండ్రులు బతికారు. టెక్సాస్ ప్రభుత్వం ఆ ఫోను కంపెనీ మీద కోర్టుకు వెళ్లింది. అదే ఏడాది మే నెలలో ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, మామూలు ఫోన్లతో కలిసే ఇంటర్నెట్ ఫోను సేవలన్నీ 911ను తప్పనిసరిగా ఇవ్వాలని, వినియోగదారుడు ఏ చిరునామాలో ఉన్నాడో అడిగి నమోదు చేసుకోవాలని ఆదేశించింది. ఆ పరిమితులు గుర్తు చేసే స్టిక్కరు కూడా ఇవ్వమంది. మా డబ్బా కింద ఆ స్టిక్కరు ఇప్పటికీ ఉంది. దాన్ని చదివినవాడు మా ఇంట్లో ఎవరూ లేరు.

వ్యాఖ్యాత: అంటే ఆ చిరునామా మనం చెప్పినదే కాని, అది స్వయంగా కనిపెట్టేది కాదా?

బాబాయి: ఇంటి డబ్బాల విషయంలో ఇప్పటికీ ఎక్కువగా మనం నమోదు చేసినదే ఆధారం. కదిలే ఇంటర్నెట్ ఫోన్లు సాంకేతికంగా వీలైన చోట స్థానాన్ని వాటంతట అవే పంపాలని 2022 జనవరి 6 నుంచి నిబంధన ఉంది, వీలు కాని చోట మాత్రం మళ్లీ నమోదైన చిరునామాయే. సెల్‌ఫోనుకు అలవాటు పడ్డ మనకు ఈ తేడా తలకెక్కదు. ఇక్కడి చాలా సేవల్లో 933 అని నొక్కితే, 911 వారికి నీ చిరునామాగా ఏది వెళుతుందో ఒక యంత్రం చదివి వినిపిస్తుంది. పరీక్షించడానికి 911కే చేయకూడదు. అది నేరం కిందికి కూడా రావచ్చు. ఫ్రిస్కో ఇంటికి మారిన ఎనిమిది నెలలకు, పనేమీ లేక ఒక మధ్యాహ్నం 933 నొక్కాను. యంత్రం తొణక్కుండా ఎడిసన్‌లోని పాత అపార్ట్‌మెంట్ చిరునామా చదివింది. ఆ ఎనిమిది నెలల్లో ఎప్పుడైనా మీ పిన్నికి గుండెలో నొప్పి వచ్చి ఉంటే, అంబులెన్సు న్యూజెర్సీలో ఎవరో గుజరాతీవాళ్ల తలుపు కొట్టి ఉండేది. మీ తమ్ముడు బిల్లు చిరునామా మార్చాడు, అదే సరిపోతుందనుకున్నాడు. బిల్లు చిరునామా వేరు, 911 చిరునామా వేరు. మార్చాక కూడా ఆమోదం వచ్చిందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే దానికి కొంత సమయం పట్టవచ్చు.

వ్యాఖ్యాత: మీరు ఆ డబ్బాను ఒకసారి హైదరాబాదుకు కూడా తీసుకువెళ్లారు కదా?

బాబాయి: తీసుకువెళ్లాను, ఒక చలికాలం అక్కడ పెట్టాను. ప్లగ్గు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉందో లేదో చూసుకుని, చివర పిన్ను మార్చుకుంటే చాలు. కాని అమెరికా పగలు మనకు రాత్రి. న్యూజెర్సీతో చలికాలంలో పదిన్నర గంటల తేడా ఉంటుంది కనుక, అక్కడ మధ్యాహ్నం నాలుగింటికి కారు వారంటీ అమ్మేవాడు పిలిస్తే కూకట్‌పల్లిలో తెల్లవారుజామున రెండున్నరకు ఇల్లంతా లేచేది. రాత్రిళ్లు మోగకుండా పెట్టే అమరిక మూడో రోజు దొరికింది. కరెంటు పోతే ఫోనూ పోతుంది, అందుకని రౌటరునూ డబ్బానూ ఇన్వర్టరు లైనులో పెట్టాలి. పక్క వీధికి చేసినా గొంతు అమెరికా సర్వరు దాకా వెళ్లి రావాలి కనుక, దానితో అక్కడి నంబర్లకు మాట్లాడడం దండగ. అంతకన్నా ముఖ్యంగా, హైదరాబాదులో ఆపద వస్తే ఆ ఫోను ముట్టుకోకూడదు. దాని మీద 911 నొక్కితే, నమోదైన అమెరికా చిరునామా ఉన్న ఊరివాళ్లు పలుకుతారు. అక్కడ సెల్‌ఫోను నుంచి 112కు చేయాలి.

వ్యాఖ్యాత: డబ్బా మోయకుండా, ఆ కంపెనీ యాప్‌ను సెల్‌ఫోనులో పెట్టుకుని ప్రయాణించడం మేలు కాదా?

బాబాయి: కొద్ది రోజుల ప్రయాణానికి అదే మేలు. హోటల్ వైఫైలో గది నంబరు, ఇంటిపేరు అడిగే పేజీ ఒకటి వస్తుంది. డబ్బాకు తెర ఉండదు కదా, ఆ పేజీని అది దాటలేదు. యాప్‌కు ఆ బాధ లేదు. అయితే మనవాళ్లు చాలామంది దుబాయి, అబుదాబి మీదుగా వస్తారు. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు మాత్రమే పనిచేస్తాయి. జగిత్యాల, నిజామాబాదు నుంచి వెళ్లి అక్కడ పనిచేసేవారికి ఇది కొట్టిన పిండి, మనలాంటి బాటసారులే విమానాశ్రయంలో కంగారుపడతారు. ఇంటర్నెట్ దారిని వేరే దేశం మీదుగా మళ్లించే వీపీఎన్‌తో దాటుదామని చూడవద్దు, అక్కడి చట్టం కఠినం. ఇంకొక్కటి. ఇంటర్నెట్ ఫోను నంబరుకు ఓటీపీ సందేశాలు పంపడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ప్రయాణానికి ముందే బ్యాంకుకు సెల్‌ఫోను నంబరు ఇచ్చి ఉంచాలి.

వ్యాఖ్యాత: మా ఇంట్లో కూడా అలాంటి ఫోనే ఉంది బాబాయ్. మేము ఈ ఇంటికి రాకముందు ఇదే ఊళ్లో రెండేళ్లు అపార్ట్‌మెంటులో ఉన్నాము. మీరు చెబుతున్నంతసేపూ నా దృష్టి ఆ మూల మీదే ఉంది. స్పీకరులో పెట్టి ఇప్పుడే 933 నొక్కుతాను, చిరునామా వచ్చే చోట రికార్డింగులో శబ్దం తీసేస్తాను.

బాబాయి: నొక్కు, నొక్కు.

వ్యాఖ్యాత: వస్తోంది. ఊరి పేరు సరిగ్గానే ఉంది. వీధి పేరు… ఇది పాత వీధి.

బాబాయి: అపార్ట్‌మెంట్ నంబరు చదివిందా?

వ్యాఖ్యాత: లేదు. భవనం నంబరు దగ్గరే ఆగిపోయింది.

బాబాయి: అంటే అక్కడ ఉన్న రెండేళ్లు కూడా తప్పే ఉందన్నమాట. ఎన్ని తలుపులు ఉండేవి ఆ భవనంలో?

వ్యాఖ్యాత: డెబ్బై రెండు. శ్రోతలు క్షమించాలి, ల్యాప్‌టాప్ తెచ్చుకుంటాను.

బాబాయి: పాస్‌వర్డు గుర్తుందా?

వ్యాఖ్యాత: మీ అల్లుడిని అడగాలి.