ఊరికి చెప్పాం, పిల్లకు చెప్పలేదు

సభాధ్యక్షురాలైన ప్రధానోపాధ్యాయురాలికి, వేదికపైనున్న పెద్దలకు, ఒక పూట కూలి వదులుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషి చేతికి మైకు ఇచ్చి పది నిమిషాలనడం వారి ఆశావాదం.

ఎదిగే పిల్లల గురించి చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఎనిమిదో తరగతి పుస్తకంలో ‘కౌమార దశ’ అనే పాఠం ఉంది. ఆ పాఠం నా చేతికి వచ్చిన మొదటి సంవత్సరం, ఇంటి దగ్గర చదువుకోండని చెప్పి పేజీలు తిప్పేశాను. కొన్నాళ్లకు ఆ తరగతిలోని ఒక అమ్మాయి బడికి రావడం మానేసింది. పెద్దమనిషి అయిందని కబురొచ్చింది. ఈతచాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, పదకొండో రోజున పందిరి వేసి, రోడ్డు మలుపులో ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కట్టి, ఊరంతటికీ భోజనాలు పెట్టారు. నేనూ వెళ్లి అక్షతలు వేశాను. పట్టు ఓణీలో తల వంచుకుని కూర్చున్న ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, చెవిలో అడిగింది: “టీచర్, ఇది మళ్లీ వస్తుందా?”

అంతమంది భోంచేసి వెళ్లిన పందిట్లో, ఇది నెలనెలా వస్తుందని ఆమెకు చెప్పినవారు ఒక్కరూ లేరు. పాఠం దాటవేసిన నేను కూడా ఆ పంక్తిలోనే కూర్చుని తిన్నాను.

అమ్మలారా, శరీరంలో మార్పులు చెప్పాపెట్టకుండా రావు. ఆడపిల్లల్లో ఈ మార్పులు సాధారణంగా ఎనిమిది, పదమూడేళ్ల మధ్య మొదలవుతాయి. రొమ్ములు మొలకెత్తిన తర్వాత మొదటి నెలసరికి సుమారు రెండు, రెండున్నర ఏళ్లు పడుతుంది. అంటే మాట్లాడటానికి మనకు రెండేళ్ల గడువు ఉంటుంది. ఆ రెండేళ్లూ ఓణీకి రంగు ఎంచడానికే సరిపోతే ఎలా? మొదటి ఒకటి రెండేళ్లు నెలసరి క్రమం తప్పవచ్చని, నడుము దగ్గర కాస్త ఒళ్లు చేయడం ఎదుగుదలలో భాగమేనని ఆ పిల్లకు ముందే తెలియాలి.

ఒళ్లు అన్నాను కనుక ఆ పందిట్లో విన్న ఇంకో మాట కూడా చెబుతాను. హారతి ఇస్తూనే ఒక బంధువు, “అన్నీ బాగున్నాయి, ఇంకాస్త రంగు ఉంటే…” అన్నారు. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ను తీసేసింది కానీ, మన మేనత్తల నోట ఆ మాట ఇంకా పోలేదు. పిల్ల అద్దంలో చూసుకునే ముఖం సగం మనం అన్న మాటలతో తయారైనదే.

మగపిల్లలకు ఈ మార్పులు తొమ్మిది, పద్నాలుగేళ్ల మధ్య మొదలవుతాయి. గొంతు బొంగురుపోతే నవ్వుతాం. ఆ వయసులో చాలామంది మగపిల్లలకు ఛాతీ కొద్దిగా ఉబ్బి, సాధారణంగా ఒకటి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. ఆ సంగతి తెలియక ఎండాకాలంలో చొక్కా మీద చొక్కా వేసుకుని వచ్చిన పిల్లవాణ్ణి నేను చూశాను. పంచెల ఫంక్షన్ మాత్రం ఘనంగా చేశారు.

2018 జులైలో శానిటరీ న్యాప్‌కిన్ల మీద 12 శాతం జీఎస్టీని ఎత్తివేశారు. అయినా మన వీధి దుకాణంలో వాటిని ఇప్పటికీ కాగితంలో చుట్టి, నల్ల కవరులో పెట్టి ఇస్తారు. ఫ్లెక్సీ కట్టినప్పుడు లేని సిగ్గు ఈ కవరు దగ్గర ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

ఆ పందిరి నుంచి వచ్చిన సోమవారం, పాఠాన్ని మొదటి నుంచి చెప్పాను. మగపిల్లలను ఆటకు పంపలేదు. గంట కొట్టాక ఒక కుర్రవాడు ఆగి, తనకు అమ్మ లేదని, నాన్న లారీ మీద వెళ్తాడని, చెల్లికి ఇవన్నీ ఎవరు చెప్పాలని అడిగాడు. నాన్నను తీసుకురమ్మన్నాను. ఆయన వచ్చి, వరండాలో చెప్పులు విడిచి, అరగంట నిలబడే విన్నారు.

నా పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఇప్పుడు ఏఎన్ఎం గారు న్యాప్‌కిన్ వాడే పద్ధతి చూపిస్తారు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్నలు దయచేసి బయటకు వెళ్లకండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.