పైలట్ ట్రైనింగ్‌లో ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయి? విజయవాడ ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఇంటర్ అయిపోయిన పిల్లల్లో చాలామంది ఇప్పుడు పైలట్ కోర్సు గురించి ఆలోచిస్తున్నారు. ఇళ్లలో పెద్దవాళ్లకు అదే టెన్షన్. చిన్న ట్రైనింగ్ విమానాల్లో ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో చెప్పడానికి ఒక రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారు మన స్టూడియోకి వచ్చారు. కెప్టెన్ గారూ, నమస్కారం. అప్పుడే ఒక కాల్ వచ్చింది. భవానీపురం నుంచి ఒక అమ్మగారు. చెప్పండమ్మా.

శ్రోత (భవానీపురం): నమస్కారమండీ. మా అబ్బాయి ఎంపీసీ పాసయ్యాడు. పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారు సరే అనేశారు. నాకే భయంగా ఉందండీ. ఆ విమానానికి ఒకటే ఇంజను అంట కదా. గాల్లో ఆగిపోతే ఇంక అంతేనా?

కెప్టెన్: అంతే కాదమ్మా. ఇంజను ఆగినా రెక్కలు పనిచేస్తూనే ఉంటాయి. సెస్నా 172 లాంటి విమానం, గాలి పెద్దగా లేనప్పుడు, వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లగలదు. పొలమో, ఖాళీ స్థలమో చూసుకుని దించడం పిల్లలకు పదేపదే ప్రాక్టీస్ చేయిస్తాం. ఇంజను ఆగడం కంటే, ఆగాక కుర్రాడు ఏం చేస్తాడన్నదే ప్రాణం మీదికి తెస్తుంది. టేకాఫ్ అయి మూడు నాలుగు వందల అడుగులు లేచాక ఇంజను ఆగిందనుకోండి. రన్‌వే వెనకే ఉంది కదా, తిరిగి దిగిపోదామని మనసు లాగుతుంది. విమానం అప్పటికే నెమ్మదించి ఉంటుంది. ఎత్తు లేదు. పైగా మళ్లీ రన్‌వే గీత మీదికి రావాలంటే సగం చుట్టు కంటే ఎక్కువే తిరగాలి. ఆ మలుపులోనే విమానం చేయి దాటిపోతుంది. ఎదురుగా కాస్త కుడికో ఎడమకో కనిపించిన చోట దిగితే విమానం పాడైనా మనిషి బతికే అవకాశం చాలా ఎక్కువ.

శ్రోత: అయితే ఇంజను మంచిదా కాదా అని అడగక్కర్లేదంటారా?

కెప్టెన్: అడగండి, తప్పకుండా అడగండి. కానీ ట్రైనింగ్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇంజనువి కావమ్మా. ల్యాండింగ్‌లో గట్టిగా తగలడం, ఎగిరెగిరి పడడం, ముక్కు చక్రం విరగడం, పక్కగాలికి రన్‌వే దిగిపోవడం, ఇవే ఎక్కువ. వాటిలో సాధారణంగా ప్రాణం పోదు. ప్రాణం పోయే రకం వేరే ఉంది.

యాంకర్: ఆ మాట మీదే ఇంకో కాల్ ఉంది సార్. గుంటూరు విద్యానగర్ నుంచి, ఫ్లయింగ్ నేర్చుకుంటున్న అబ్బాయి.

శ్రోత (గుంటూరు): గుడ్ ఈవినింగ్ సార్. సెలవులకి ఇంటికొచ్చాను. నాకు బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే దగ్గర రన్‌వే గీత దాటిపోతోంది సార్. ప్రతిసారీ మా ఇన్‌స్ట్రక్టర్ గారు కేకలేస్తున్నారు.

కెప్టెన్: మంచి ప్రశ్న వేశావు బాబూ. వినేవాళ్ల కోసం కొంచెం చెబుతాను. దిగేముందు విమానం రన్‌వే చుట్టూ ఒక పెట్టె ఆకారంలో తిరుగుతుంది. రన్‌వేకి అడ్డంగా వచ్చే వైపుని బేస్ అంటాం. అక్కడ ఆఖరి మలుపు తిరిగితే రన్‌వే ఎదురుగా వస్తుంది, అదే ఫైనల్. అప్పుడు ఎత్తు అయిదు వందల అడుగులకు అటూ ఇటూ. వెనక నుంచి గాలి తోస్తే గీత దాటిపోతాం. అప్పుడు నువ్వేం చేస్తావు?

శ్రోత: ఇంకొంచెం వంచుతాను సార్. ఎక్కువ వంచాలంటే భయమేస్తుంది. అందుకని... రడ్డర్ కొడతాను.

కెప్టెన్: దాచకుండా చెప్పావు, సంతోషం. అందరూ అదే చేస్తారు. రెక్క వంచడానికి భయపడి, తోక మీద ముక్కుని పక్కకు తిప్పే రడ్డర్ ఉంటుంది కదా, మలుపు లోపలి వైపు దాని పెడల్ కాలితో తొక్కుతారు. ముక్కు పక్కకు జారుతుంది. లోపలి రెక్క వెనకబడుతుంది, ఇంకా వంగబోతుంది. దాన్ని ఆపడానికి యోక్, అంటే చేతిలో ఉండే స్టీరింగ్ లాంటిది, అటుపక్కకి తిప్పుతారు. ముక్కు కిందికి దిగుతుంటే వెనక్కి లాగుతారు. మూడూ కలిస్తే లోపలి రెక్క ముందుగా స్టాల్ అవుతుంది. స్టాల్ అంటే ఇంజను ఆగడం కాదు, రెక్క గాలికి మరీ ఎక్కువ కోణంలో ఎదురై, మోసే శక్తి కోల్పోవడం. విమానం ఒక్కసారిగా ఆ రెక్క మీదికి తిరగబడి, గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్పిన్‌లోకి వెళ్తుంది. నాలుగు వేల అడుగుల మీద అయితే బయటపడొచ్చు. అయిదు వందల అడుగుల్లో ఎంత మొనగాడైనా చేయగలిగింది చాలా తక్కువ. లెక్క కూడా గుర్తుపెట్టుకో. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వంచితే స్టాల్ వేగం, అంటే ఏ వేగం కంటే తగ్గితే రెక్క స్టాల్ అవుతుందో అది, 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలు వంచితే 41 శాతం.

శ్రోత: మరి గీత దాటితే ఏం చేయాలి సార్?

కెప్టెన్: దాటనివ్వు. 30 డిగ్రీలకు మించి వంచకు. విమానం పక్కకు జారుతోందో లేదో చూపించే మీటర్‌లోని బాల్ మధ్యలో ఉంచు. కుదరదనిపిస్తే పవర్ పెట్టి గో-అరౌండ్ చెయ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేచిపో. మళ్లీ తిరిగి రావడానికి కాసేపే పడుతుంది. మీ ఇన్‌స్ట్రక్టర్ గారు కేకలేస్తున్నారంటే నీ మీద ప్రేమ ఉన్నట్టే నాన్నా. ఆయన్ని అడిగి, పైన ఎత్తులో స్కిడ్ స్టాల్, అంటే ఇలా ముక్కు పక్కకు జారి వచ్చే స్టాల్, ఎలా మొదలవుతుందో ఒకసారి చూపించమను. కాళ్లకి అది తెలియాలి.

యాంకర్: ఆటోనగర్ నుంచి కాల్. చెప్పన్నా.

శ్రోత (ఆటోనగర్): నమస్తే సార్. మాది మెకానిక్ షెడ్డు. కార్బురేటర్ బళ్లు బోలెడు చూశాం. విమానం కార్బురేటర్‌లో ఐసు కడుతుందని ఎవరో చెప్పారు. మన బెజవాడ ఎండలో ఐసేంటి సార్, నిజమేనా?

కెప్టెన్: నిజమే బాబూ. నీకైతే తొందరగా అర్థమవుతుంది. గాలిలో పెట్రోలు కలిపేది కార్బురేటరే కదా. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది, వెంచురీలో, అంటే దాని ఇరుకు గొంతులో, ఒత్తిడి పడిపోతుంది. రెండూ కలిసి లోపలి గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడొచ్చు. బయట 25 డిగ్రీలుండి, గాలిలో తేమ బాగా ఉంటే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా ఎలా చెమరుస్తుందో, ఇంజనుకి వెళ్లే గాలిని పెంచే తగ్గించే థ్రాటిల్ బిళ్ల మీద అలా తేమ చేరి గడ్డకడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కంటే, వానలు పడ్డాక తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున ఉండే గాలి దీనికి ఎక్కువ అనువు. కిందికి దిగడానికి థ్రాటిల్ తగ్గించినప్పుడు ఇంకా ఎక్కువ. ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, మెల్లగా పడుతుంది. కుర్రాడు గమనించక థ్రాటిల్ ఇంకొంచెం తోస్తాడు. చేయాల్సింది కార్బురేటర్‌లోకి వేడిగాలి పంపే కార్బ్ హీట్ నాబ్ లాగడం. మొదట ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, ఇంజను బరబరమంటుంది, తర్వాత పెరుగుతుంది. ఆ మొదటి బరబరకు భయపడి మళ్లీ లోపలికి నెట్టేస్తారు, అదీ చిక్కు. సెస్నా 152లో కార్బురేటరే. కొత్త 172లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి ఈ బాధ లేదు.

శ్రోత: పెట్రోల్లో నీళ్లు కలిసే సమస్య ఉంటుందా సార్?

కెప్టెన్: ఉంటుంది. రాత్రి ట్యాంకులో ఖాళీ ఉంటే తేమ చేరుతుంది, మూత రబ్బరు పాడైతే వాన నీళ్లు దిగుతాయి. పొద్దున్నే కింద డ్రెయిన్ దగ్గర గ్లాసులో కొంచెం పట్టి చూడాలి. విమాన పెట్రోలు లేత నీలం రంగు. నీళ్లుంటే అడుగున తెల్లగా వేరే పొర కనిపిస్తుంది. ట్యాంకులో ఎంతుందో మీటర్ చూసి నమ్మకూడదు, రెక్క ఎక్కి డిప్‌స్టిక్ ముంచాలి.

యాంకర్: ఎండ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మన ఎండలు విమానానికి ఇబ్బందేనా?

కెప్టెన్: చాలా. గన్నవరం సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తులోనే ఉంది. కానీ 45 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, ఇంజనుకూ రెక్కలకూ దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. అంటే అరకు కంటే ఎత్తైన చోట నుంచి లేస్తున్నట్టు. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకులు ఉంటే రన్‌వే ఎక్కువ కావాలి, పైకి మెల్లగా ఎక్కుతుంది. చలికాలంలో నేర్చుకున్న పిల్లలు ఎండాకాలంలో ఇక్కడే తడబడతారు.

యాంకర్: గుంటూరు నుంచి ఒక సోదరి.

శ్రోత (గుంటూరు, బ్రాడీపేట): 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర దగ్గర ట్రైనింగ్ విమానం కూలి, నాలాంటి అమ్మాయే చనిపోయిందండీ. అప్పటి నుంచి మా నాన్న ఈ మాటెత్తనివ్వడం లేదు. మంచి స్కూలుని ఎలా గుర్తుపట్టాలి?

కెప్టెన్: ఆ అమ్మాయి పోయిన రోజు నాకూ అన్నం సహించలేదు తల్లీ. మీ నాన్నగారి భయాన్ని తీసిపారేయను. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి, 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు వాళ్లిస్తున్న ర్యాంకులు చూడండి. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ రిపోర్టులు అందరికీ అందుబాటులో ఉంటాయి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. తర్వాత స్కూలుకి వెళ్లి ఒక పూట ఊరికే నిలబడండి. వాతావరణం బాగాలేక క్లాసు ఆపితే పిల్లల మొహాలు చూడండి. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి. అప్పు చేసి వచ్చిన పిల్లలు ఒక్క గంట కూడా పోకూడదనుకుంటారు. స్కూలు కూడా అదే తొందరలో ఉంటే అక్కడ చేరొద్దు.

విమానం ఎక్కాక నువ్వు చూసుకోవాల్సింది ఒకటి చెబుతాను. సెస్నా సీటు పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కొక్కెం రంధ్రంలో సరిగా పడకపోతే, టేకాఫ్‌లో ముక్కు లేవగానే సీటు వెనక్కి జారిపోతుంది. చేతిలో ఉన్నది యోక్ కాబట్టి దాన్నే పట్టుకుని లాగేస్తాం. విమానం నిట్టనిలువుగా లేచి స్టాల్ అవుతుంది. ఇలాంటివి జరిగాకే అమెరికాలో 1987లో ఆ పట్టాల తనిఖీ తప్పనిసరి చేశారు. బెల్టు పెట్టుకున్నాక సీటుని రెండు చేతులతో గట్టిగా ఊపి చూడు. కదిలితే బయల్దేరకు, ఎవరు తొందరపెట్టినా సరే.

యాంకర్: ఆఖరి కాల్, తెనాలి నుంచి.

శ్రోత (తెనాలి): సార్, మావాడు వచ్చే వారం మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్నాడు. అందరం వెళ్లి చూద్దామని టికెట్లు తీశాను. మా బావమరిది వాళ్లు కూడా వస్తున్నారు.

కెప్టెన్: చాలా సంతోషం. కానీ నా మాట వినండి, ఆ రోజు వెళ్లకండి. ఆ పూట గాలి ఎక్కువుంటే వాడు ‘ఇవాళ వద్దు సార్’ అనగలగాలి. ల్యాండింగ్ సరిగా కుదరకపోతే వెంటనే పైకి లేచిపోవాలి. కింద మేనమామ వీడియో తీస్తున్నాడంటే ఆ రెండూ చేయడానికి మొహమాటపడతాడు, ఎలాగైనా దించేద్దామనుకుంటాడు.

శ్రోత: నిజమేనండీ. వాడు అసలే మొహమాటస్తుడు.

కెప్టెన్: అయ్యాక వాడే ఫోన్ చేస్తాడు. మర్నాడు వెళ్లండి, అందరూ వెళ్లండి.

శ్రోత: అలాగే సార్. ఇప్పుడే బావమరిదికి ఫోన్ చేసి, తేదీ మార్పిస్తాను.